మీథేన్ లెక్క: లీకును పట్టుకోవడం వేరు, తూకం వేయడం వేరు

వెయ్యి హార్స్‌పవర్ గ్యాస్ ఇంజను ఒకటి ఏడాది పొడవునా ఆగకుండా కంప్రెసర్‌ని తిప్పుతోందనుకుందాం. గంటకు సుమారు 75 లక్షల బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) ఇంధనం తాగుతుంది. అందులో కాలకుండా సైలెన్సర్ లోంచి బయటికి పోయే మీథేన్, అంటే సహజవాయువులో ప్రధాన భాగం, ఎంత? గ్రీన్‌హౌస్ వాయువుల నివేదికల కోసం అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చాలా ఏళ్లు వాడించిన గుణకం ప్రకారం పది లక్షల బీటీయూలకు 1 గ్రాము. ఆ లెక్కన ఏడాదికి 66 కిలోలు. అదే ఈపీఏ మామూలు వాయు కాలుష్యం కోసం ఏపీ-42 పేరుతో గుణకాల సంకలనం ఒకటి వేసింది. అందులో ఫోర్ స్ట్రోక్ లీన్‌బర్న్ ఇంజనుకు అంతే ఇంధనానికి 1.25 పౌండ్లు, అంటే 567 గ్రాములు అని ఉంది. ఆ లెక్కన ఏడాదికి 37 టన్నులు.

ఇంజను ఒకటే, గ్యాసు ఒకటే, సంస్థ కూడా ఒకటే. తేడా 567 రెట్లు. ఇందులో మోసమేమీ లేదు. ఒక్క గ్రాము అన్నది బాయిలర్లు, హీటర్లు లాంటి వాటికి సరిపోయే అంకె. అక్కడ మంట నిలకడగా ఉంటుంది, మీథేన్ దాదాపు పూర్తిగా కాలిపోతుంది. లీన్‌బర్న్ ఇంజనులో గాలి ఎక్కువ, గ్యాసు తక్కువ. పిస్టన్ రింగుల పక్క సందుల్లో ఇరుక్కున్న మిశ్రమానికి మంట అందదు, ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే అది అలాగే బయటికి పోతుంది. ‘గ్యాసు మండించే పరికరం’ అనే ఒకే గడిలో రెండింటినీ రాసేయడంతో తప్పు మొదలైంది. 2024లో నిబంధనలు సవరించినప్పుడు గానీ ఇంజన్ల నుంచి జారిపోయే మీథేన్‌కు వేరే గడి రాలేదు.

చమురు, గ్యాస్ రంగంలో ‘ఉద్గారాలు ఇన్ని టన్నులు’ అని కనిపించే అంకెల్లో ఎక్కువ భాగం ఇలా పుట్టినవే. ఎన్ని వాల్వులు, ఎన్ని ఇంజన్లు, ఎన్ని గంటలు అని లెక్కపెట్టి గుణకంతో హెచ్చిస్తారు. ఎవరూ వెళ్లి కొలిచింది కాదు. కొలవడం మొదలుపెట్టాక తెలిసిన సంగతి మరొకటుంది: లీకు ఎక్కడుందో పట్టుకోవడానికి పనికొచ్చే పరికరం, అది ఎన్ని కిలోలో తేల్చడానికి చాలాసార్లు పనికిరాదు. ఈ రెండు పనులనూ ఒకే గాటన కట్టిన చోటల్లా చట్టాలు చిక్కులో పడ్డాయి.

ముందుగా టన్ను గురించి రెండు ముక్కలు. మీథేన్ గాలిలో సుమారు 12 ఏళ్లు ఉంటుంది. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం శిలాజ ఇంధనాల నుంచి వచ్చే ఒక టన్ను మీథేన్ వందేళ్ల లెక్కలో 29.8 టన్నుల కార్బన్ డయాక్సైడుకు సమానం, ఇరవై ఏళ్ల లెక్కలో 82.5 టన్నులకు సమానం. నాలుగో నివేదికలో వందేళ్ల అంకె 25, అయిదో నివేదికలో 28. కంపెనీ నివేదికలు చదివేవారు ఈ అంకెల్లో ఏది వాడారో అడుగున చిన్న అక్షరాల్లో వెతుక్కోవాలి. గుణకం 25 నుంచి 28కి మారితే లీకు ఏమీ పెరగకుండానే మీథేన్ పద్దు 12 శాతం పెరిగి కనిపిస్తుంది. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు మాట్లాడుకునేది గంటకు కిలోల్లో. ఆ అంకెలో ఏ వాదనా దాక్కోదు.

బావి దగ్గర ఏం కారుతుంది

బావి నుంచి వచ్చిన చమురు, నీరు, గ్యాసు ముందుగా సెపరేటర్‌లోకి వెళతాయి. అడుగున చేరిన ద్రవం ఒక మట్టం దాటగానే డంప్ వాల్వు తెరుచుకుని దాన్ని ట్యాంకులోకి వదులుతుంది, మట్టం దిగగానే మూసుకుంటుంది. కరెంటు లేని చోట ఈ వాల్వును ఆడించేది పైపులోని గ్యాసు పీడనమే. వాల్వు కదిలిన ప్రతిసారీ ‘టిస్సు’మని కొంచెం గ్యాసు గాలిలోకి పోతుంది. ఇవే న్యూమాటిక్ కంట్రోలర్లు. ఈపీఏ పాత పట్టికలో నిరంతరం ఎక్కువగా వదిలే రకానికి గంటకు 37.3 ఘనపుటడుగులు, తక్కువగా వదిలే రకానికి 1.39, ఆగి ఆగి వదిలే రకానికి 13.5. మొదటి రకం ఒక్కటి ఏడాదికి దాదాపు 6 టన్నుల మీథేన్ వదులుతుంది. చిన్న డబ్బా అంత పరికరం, చూపుకు ఏమీ ఆనదు, కానీ ఇలాంటివి లక్షల్లో ఉన్నాయి. విరుగుడు కూడా పెద్ద విద్యేమీ కాదు. గ్యాసు బదులు కంప్రెస్ చేసిన గాలి పెట్టవచ్చు, లేదా సోలార్ పలకతో నడిచే విద్యుత్ వాల్వు బిగించవచ్చు.

కంట్రోలర్లు కారడానికే తయారైనవి. కాబట్టి వాటి విషయంలో గుణకం సగటున కొంతైనా పనిచేస్తుంది. అసలు తలనొప్పి చెడిపోయినవాటితో. డంప్ వాల్వు సీటులో ఇసుక రేణువు ఇరుక్కుందనుకోండి, లేదా చలికి హైడ్రేటు (నీరు, గ్యాసు కలిసి ఏర్పడే మంచు లాంటి పదార్థం) గడ్డకట్టి వాల్వు పూర్తిగా మూసుకోలేదనుకోండి. ద్రవం అయిపోయాక దాని వెనకే సెపరేటర్‌లోని గ్యాసు కూడా ట్యాంకులోకి దూసుకొస్తుంది. ట్యాంకు వాతావరణ పీడనానికి దగ్గరగా పనిచేసే పలుచని డబ్బా. పీడనం పెరగగానే పైనున్న థీఫ్ హ్యాచ్ అనే మూత తనంతట తానే లేస్తుంది, అది అందుకోసమే పెట్టింది. బావి దిగుబడిలో పెద్ద భాగమే ఆ మూత కింద నుంచి పోతున్నా కంట్రోల్ రూంలో ఏ గంటా మోగకపోవచ్చు. గంటకు 100 కిలోలు పోతే అది ఇందాకటి కంట్రోలర్లు 140 కలిసి వదిలినంత. లీకు ట్యాంకు దగ్గర కనిపిస్తుంది, రోగం సెపరేటర్ దగ్గర ఉంటుంది. మూతకు కొత్త రబ్బరు గాస్కెట్ వేసి పని అయిపోయిందని రాసుకునే సిబ్బంది మళ్లీ వారానికి అదే ట్యాంకు ఎక్కాల్సి వస్తుంది.

ముసలి గ్యాస్ బావులది ఇంకో కథ. పీడనం తగ్గాక అడుగున నీరు చేరి గ్యాసుకు అడ్డం పడుతుంది. ఆ నీటిని తోసేయడానికి బావిని కాసేపు గాలిలోకి తెరిచేస్తారు. గొట్టంలో పైకీ కిందికీ కదులుతూ నీటిని పైకి తోసే ప్లంజర్ లిఫ్ట్ పెట్టి సరిగ్గా నడిపితే ఈ వదలడం చాలా వరకు తప్పుతుంది. కంప్రెసర్లలో పిస్టన్ రాడ్ చుట్టూ గ్యాసును ఆపే రాడ్ ప్యాకింగ్ అరిగిపోవడం, సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్ తిరిగే ఇరుసు చుట్టూ నూనెతో గ్యాసును ఆపే వెట్ సీళ్ల నూనెలో కరిగిన గ్యాసు మళ్లీ బయటపడటం అందరికీ తెలిసినవే. 2024లో అచ్చయిన అమెరికా నిబంధనలు రాడ్ ప్యాకింగ్‌కు సిలిండరుకు నిమిషానికి 2 ఘనపుటడుగులు, వెట్ సీలుకు 3 ఘనపుటడుగులు అని హద్దు పెట్టాయి. అది దాటితే మార్చాలి లేదా మరమ్మతు చేయాలి. హద్దు ఇంత స్పష్టంగా పెట్టగలిగారంటే కారణం ఒక్కటే: అక్కడ గ్యాసు ఒక చిన్న గొట్టంలోంచి బయటికి వస్తుంది, ఆ గొట్టానికి మీటరు బిగించవచ్చు.

మంట వెలుగుతోందా

ఫ్లేర్, అంటే వాడుకోలేని గ్యాసును మండించే పొడవాటి చిమ్నీ, గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఇందులో మీథేన్, కార్బన్ డయాక్సైడు రెండింటి లెక్కలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. రోజుకు లక్ష ఘనపు మీటర్ల గ్యాసు మండించే ఒక ఫ్లేర్‌ను తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండటానికి అంతా మీథేనే అనుకుందాం. బరువు 68 టన్నులు. 98 శాతం కాలిందనుకుంటే 1.36 టన్నుల మీథేన్, 183 టన్నుల కార్బన్ డయాక్సైడు గాలిలోకి వెళతాయి. వందేళ్ల లెక్కలో మొత్తం 224 టన్నులకు సమానం. ఇన్నేళ్లూ నివేదికల్లో అందరూ రాస్తూ వచ్చింది ఈ 98 శాతాన్నే.

2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం అమెరికాలోని పెర్మియన్, ఈగిల్ ఫోర్డ్, బాకెన్ క్షేత్రాల్లో ఫ్లేర్ల పొగ మీదుగా విమానం నడిపి కొలిచింది. ఆరిపోయిన ఫ్లేర్లను కూడా కలుపుకుంటే నిజంగా నాశనమైన మీథేన్ 91.1 శాతమే అని తేలింది. అదే ఫ్లేర్‌కు ఈ అంకె పెడితే మీథేన్ 6 టన్నులు దాటుతుంది, వందేళ్ల లెక్క 350కి చేరుతుంది. ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే 295 టన్నులు కాస్తా 669 అవుతుంది. ఏడు శాతం తేడాకు ఫలితం రెట్టింపు దాటింది. శాతాలను కాలిన భాగం వైపు నుంచి చూడటంలో ఉన్న మాయ ఇది. కాలని భాగం వైపు నుంచి చూస్తే 2 శాతం 9 శాతమైంది.

తప్పు ఎక్కడ జరుగుతుంది? అన్నిటికంటే సాధారణమైనది, గ్యాసును అంటించడానికి ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంట ఆరిపోవడం. పగటిపూట కింద నుంచి చూస్తే తెలియదు. వేడిని కొలిచే థర్మోకపుల్ పెట్టి దాని రీడింగ్‌ని కంట్రోల్ రూంకి పంపితేనే తెలుస్తుంది. రెండోది, పొగ రాకుండా ఉండటానికి ఆవిరి గానీ గాలి గానీ అతిగా ఊదడం. నల్ల పొగ కనిపిస్తే ఊళ్లోవాళ్లు ఫిర్యాదు చేస్తారు, తనిఖీ అధికారి అడుగుతాడు. కాబట్టి ఆపరేటర్ వాల్వును ఇంకాస్త తిప్పుతాడు. మంట శుభ్రంగా కనిపిస్తుంది, లోపల చల్లబడి మీథేన్ కాలకుండా పోతుంది. కంటికి కనిపించే కాలుష్యాన్ని అదుపు చేసే నిబంధన కంటికి కనిపించని దాన్ని పెంచడం ఇక్కడ రోజూ జరిగే పని. మూడోది, పెద్ద ప్రవాహానికి కట్టిన ఫ్లేర్‌లోకి దిగుబడి తగ్గాక సన్నటి ప్రవాహం పంపడం. అడ్డగాలి కొడితే ఆ మంట చిమ్నీ అంచును అంటుకుని గుడ్డిగా మండుతుంది. 2024 సవరణ ఈ అనుభవం నుంచే మూడు మెట్లు పెట్టింది: నిశితంగా పర్యవేక్షించే ఫ్లేర్‌కు 98, కొంతవరకు చూసేదానికి 95, ఏమీ చూడనిదానికి 92 శాతం. కొలవనివాడికి చెడ్డ అంకె అంటగట్టడం వల్ల మీటరు కొనడం లాభసాటి అవుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో తెలివైన ఆలోచన ఏదైనా ఉందంటే అది ఇదే.

పీపీఎం అంటే కిలోలు కావు

లీకులు వెతకడానికి పాత పద్ధతి మెథడ్ 21. చేతిలో పట్టుకున్న స్నిఫర్ ముక్కును ఫ్లాంజి (రెండు పైపులను బోల్టులతో కలిపే చోటు) చుట్టూ తిప్పి పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో గ్యాసు ఎన్ని పాళ్లో, చదువుతారు. ఆ అంకె చెప్పేది ఆ క్షణాన ముక్కు దగ్గర గాలిలో గ్యాసు గాఢత మాత్రమే. ఎదురుగాలి వీస్తే పెద్ద లీకు దగ్గర 2,000 రావచ్చు, గాలి ఆడని మూలలో చిన్న లీకుకు 20,000 రావచ్చు. దాన్నుంచి కిలోలు లెక్కగట్టే సమీకరణాలు ఉన్నాయి గానీ వేల ఫ్లాంజిల సగటుకు తప్ప ఒక్కదానికి వాటిని నమ్మలేం.

తరవాత వచ్చింది గ్యాసును కంటికి చూపించే ఓజీఐ (ఆప్టికల్ గ్యాస్ ఇమేజింగ్) కెమెరా. మీథేన్ 3.3 మైక్రాన్ల దగ్గర పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. అతిశీతలంగా ఉంచిన సెన్సారు ఆ పట్టీలో చూస్తే కారే గ్యాసు పొగలా అలలు అలలుగా కనిపిస్తుంది. గంటలో వందల జాయింట్లు చూసేయవచ్చు. కానీ గ్యాసుకూ దాని వెనక ఉన్న నేపథ్యానికీ ఉష్ణోగ్రతలో తేడా ఉండాలి. మబ్బు పట్టిన చల్లటి ఉదయం, ఆకాశానికి బదులు అదే వేడిలో ఉన్న ట్యాంకు గోడ వెనక ఉంటే లీకు ఎదురుగా ఉన్నా కనిపించదు. పక్కన ఆవిరి లేస్తుంటే దాన్నే గ్యాసు అనుకుంటారు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరీక్షా కేంద్రం మెటెక్‌లో తెలిసిన పరిమాణంలో లీకులు పెట్టి సర్వేయర్లను పరీక్షించారు. 550కి పైగా సైట్లు చూసిన అనుభవజ్ఞులు, తక్కినవారికంటే 1.7 రెట్లు ఎక్కువ లీకులు పట్టారు. కెమెరా ఒకటే, తేడా దాన్ని పట్టుకున్న చేతిలో ఉంది. చట్టాల్లో మాత్రం ‘ఓజీఐతో తనిఖీ చేయవలెను’ అనే ఉంటుంది.

పైనుంచి కొలిచే పద్ధతుల్లో విమానం, డ్రోన్, ఉపగ్రహం అన్నిటికీ ఉమ్మడి బలహీనత గాలి వేగం. ఉపగ్రహం ఒక మీథేన్ మబ్బును ఫొటో తీసిందనుకుందాం. మబ్బులో ఉన్న అదనపు మీథేన్ 500 కిలోలు, పొడవు 2 కిలోమీటర్లు. గాలి సెకనుకు 3 మీటర్లు అనుకుంటే లీకు గంటకు 2.7 టన్నులు. 4 మీటర్లు అనుకుంటే 3.6 టన్నులు. చిత్రం మారలేదు, గాలి అంచనా ఒక్క మీటరు మారింది. ఆ గాలి అంకె తరచు వాతావరణ నమూనా నుంచి తెచ్చుకున్నదే, బావి దగ్గర కొలిచింది కాదు.

ఉపగ్రహాల్లోనూ ఒకటి చూసేది ఇంకొకటి చూడదు. సెంటినెల్-5పీ ఉపగ్రహం మీద ఉన్న ట్రోపోమి అనే పరికరం రోజూ భూగోళమంతా చూస్తుంది, కానీ దాని ఒక్కో గడి దాదాపు 7 కిలోమీటర్లకు 5.5 కిలోమీటర్లు. గంటకు టన్నుల లెక్కన పోతే తప్ప విడిగా ఒక బావిని పట్టలేదు. జీహెచ్‌జీశాట్ పాతిక మీటర్ల గడితో గంటకు వంద కిలోల స్థాయికి దిగగలదు గానీ, ఎక్కడ చూడాలో ముందే చెప్పాలి. రెండింటికీ మధ్య ఖాళీని పూడ్చడానికి 2024 మార్చిలో ప్రయోగించిన మీథేన్‌శాట్‌తో 2025 జూన్‌లో సంబంధాలు తెగిపోయాయి. ఎడారి మీద ఇవన్నీ చక్కగా పనిచేస్తాయి. తుర్క్‌మెనిస్థాన్ లీకులు పత్రికల్లో అంతగా కనిపించడానికి అక్కడ లీకులు ఎక్కువ ఉండటం ఒక కారణమైతే, ఇసుక నేల తెల్లగా, ఒకే తీరుగా ఉండటం ఇంకో కారణం.

ఇంత తిప్పలుపడి కొలిస్తే తేలిందేమిటి? 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన విస్తృత అధ్యయనం ప్రకారం 2015లో అమెరికా చమురు, గ్యాస్ గొలుసు మొత్తం నుంచి పోయిన మీథేన్ 1.3 కోట్ల టన్నులు. ఉత్పత్తిలో 2.3 శాతం. ఈపీఏ అధికారిక లెక్కకంటే దాదాపు 60 శాతం ఎక్కువ. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన మరో పరిశోధన పంపిణీ తీరు చెప్పింది: లీకుల్లో పెద్దవైన 5 శాతం మొత్తం మీథేన్‌లో సగానికి పైగా వదులుతున్నాయి. ఈ రెండో సంగతే అసలుది. నూరు బావుల్లో ఏవో పది కొలిచి సగటు తీస్తే, ఆ పదిలో చెడిపోయిన బావి లేకపోతే సగటు తక్కువ వస్తుంది, ఉంటే ఆకాశానికంటుతుంది. 2015 అక్టోబరు నుంచి నాలుగు నెలలు కాలిఫోర్నియాలోని ఆలిసో కాన్యన్ నిల్వ బావి ఒక్కటే 97,100 టన్నులు వదిలింది. పరికరాలు లెక్కపెట్టి హెచ్చిస్తే అలాంటి అంకె ఏ జన్మకూ రాదు.

చట్టం ఏ అంకె మీద నిలబడుతుంది

అమెరికా 2022 చట్టం మీథేన్‌కు రుసుము పెట్టింది: 2024లో టన్నుకు 900 డాలర్లు, 2025లో 1,200, ఆపైన 1,500. ఉత్పత్తి స్థలాలకు అమ్మకానికి పంపిన గ్యాసులో 0.2 శాతం దాకా మినహాయింపు. కాగితం మీద బాగానే ఉంది. కానీ రుసుము వేయాలంటే కోర్టులో నిలిచే టన్ను కావాలి. గంటకు 100 కిలోల లీకు ఒకటి విమానానికి ఒక మధ్యాహ్నం కనిపించింది. ఒక్కరోజే ఉందంటే 2.4 టన్నులు, 900 డాలర్ల చొప్పున 2,160. క్రితం తనిఖీ నుంచి తొంభై రోజులుగా ఉందంటే 216 టన్నులు, 1,94,400 డాలర్లు. లీకు వేగంలో ఎంత పొరపాటు ఉన్నా అది యాభై శాతమో రెట్టింపో. కాలంలో పొరపాటు తొంభై రెట్లు. కొలత పరికరాల మీద ఇంత చర్చ జరుగుతుంటే, లీకు ఎప్పుడు మొదలైందన్న ప్రశ్న మీద జరిగేది చాలా తక్కువ. నిజానికి దానికి జవాబు చాలాసార్లు కంపెనీ దగ్గరే ఉంటుంది: సెపరేటర్ పీడనం రికార్డులో, ట్యాంకు మట్టం గ్రాఫులో, ఆరోజు అమ్మకపు మీటరు చూపిన తగ్గుదలలో.

ఆ రుసుము ఎక్కువకాలం నిలవలేదు. 2024 నవంబరులో వచ్చిన అమలు నిబంధనను 2025 ఫిబ్రవరిలో కాంగ్రెస్ కొట్టేసింది. జూలైలో వచ్చిన ఇంకో చట్టం రుసుమును 2034కి నెట్టింది. సెప్టెంబరులో ఈపీఏ అసలు నివేదికల కార్యక్రమాన్నే చాలా రంగాలకు ఎత్తేయాలని, చమురు, గ్యాస్‌కు 2034 దాకా ఆపాలని ప్రతిపాదించింది.

నార్వేలో సముద్ర క్షేత్రాల మీద 1991 నుంచి కార్బన్ పన్ను నడుస్తోంది. అది నిలవడానికి కారణం రాజకీయ సంకల్పం అనేవారు ఉన్నారు. అందులో నిజం లేకపోలేదు గానీ, ఇంకో కారణం సాదాసీదాగా మీటరే. అక్కడ పన్ను వేసేది ఇంజన్లలో, ఫ్లేర్లలో మండించిన గ్యాసు మీద. ఫ్లేర్ పైపులో అల్ట్రాసానిక్ మీటరు ఉంటుంది, దాని అనిశ్చితి 5 శాతం దాటకూడదని కొలత నిబంధన. పైపులోంచి పోయేదానికి మీటరు, మీటరుకు పన్ను. థీఫ్ హ్యాచ్ కింద నుంచి పోయేదానికి మీటరు ఎక్కడ బిగిస్తారు?

అందుకే పట్టుకోవడాన్ని, తూచడాన్ని విడదీసిన నిబంధనలే ఎక్కువ పనికొచ్చేలా కనిపిస్తున్నాయి. 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ మీథేన్ నియంత్రణ లీకుకు ఒక గీత గీసింది. అది దాటితే అయిదు రోజుల్లో మరమ్మతుకు మొదటి ప్రయత్నం చేయాలి, ముప్పై రోజుల్లో పూర్తి చేయాలి. లీకు ఎన్ని టన్నులన్న వాదనతో పనిలేదు. అమెరికా 2024 నిబంధనల్లోని ‘సూపర్ ఎమిటర్’ ఏర్పాటూ ఇలాంటిదే. గంటకు 100 కిలోలు, ఆపైన ఉన్న మబ్బును గుర్తింపు పొందిన బయటి సంస్థ చూసి తెలియజేస్తే, కంపెనీ అయిదు రోజుల్లో దర్యాప్తు మొదలుపెట్టాలి, పదిహేను రోజుల్లో ఏం దొరికిందో చెప్పాలి. ఇక్కడ ఉపగ్రహం అంకెలో నలభై శాతం తప్పున్నా ఫరవాలేదు. దాని పని తలుపు తట్టడం. యూరప్ చట్టంలో తూకం కూడా ఉంది, కాకపోతే అది వేరే అధ్యాయం: దిగుమతి చేసుకునే ముడిచమురు, గ్యాసుకు 2027 నుంచి తమతో సమానమైన కొలత, ధ్రువీకరణ చూపించాలని, ఆ తరవాత మీథేన్ తీవ్రత, అంటే ఉత్పత్తితో పోలిస్తే ఎంత మీథేన్ పోయిందో, చెప్పాలని. గట్టి ప్రతిఘటన ఎదురవుతున్నది ఈ అధ్యాయానికే, మరమ్మతు గడువులకు కాదు.

కోనసీమలో

ఇక మన ప్రాంతం సంగతి. మీథేన్‌ను 30 శాతం తగ్గిస్తామన్న 2021 అంతర్జాతీయ ప్రతిజ్ఞలో భారత్ చేరలేదు. మన మీథేన్‌లో పెద్ద వాటా పశువులది, వరిది కావడం దానికి చెప్పే ప్రధాన కారణం. కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకంలోని తొమ్మిది రంగాల్లో రిఫైనరీలు, పెట్రోకెమికల్స్ ఉన్నాయి, బావులు లేవు. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కోరే బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదికల్లో లిస్టయిన చమురు కంపెనీలు తమ ప్రత్యక్ష ఉద్గారాలను చెబుతాయి, అంటే కంపెనీ మొత్తానికి ఒక అంకె. పర్యావరణ పరిరక్షణ నియమాల్లో మాత్రం చమురు తవ్వకానికి 1990ల నుంచే ఒక గట్టి మాట ఉంది: గ్యాసును మండించకుండా గాలిలోకి వదలరాదు, ఫ్లేర్ చేయాల్సిందే. వాతావరణం దృష్టితో రాసింది కాకపోయినా వాతావరణానికి పనికొచ్చే నియమమే. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ (బావి అదుపు తప్పి గ్యాసు ఎగజిమ్మడం) 65 రోజులు మండింది. ఊళ్లకు అది నరకం, ఉద్గారాల లెక్కలో మాత్రం మండకుండా ఎగిసిపోయి ఉంటే భూమిని వేడెక్కించే ప్రభావం కొన్ని రెట్లు ఎక్కువ.

మన దగ్గర లీకును చూసే కళ్లు భద్రత కళ్లు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయాక ఇది మరీ సహజం. లోపల తేమతో తుప్పు పట్టిన పైపు అది. భద్రత పరికరం చూసేది పేలుడు హద్దును: మీథేన్ గాలిలో 5 శాతం ఉంటే అంటుకుంటుంది, ఆ హద్దులో అయిదో వంతుకు, అంటే 10,000 పీపీఎంకు అలారం పెట్టడం మామూలు. యూరప్‌లో నిశిత తనిఖీకి పెట్టిన లీకు గీత 500 పీపీఎం. అలారం ఎన్నడూ మోగని గ్యాస్ కలెక్షన్ స్టేషన్ ఏళ్ల తరబడి ఈ రెండింటి మధ్య కారుతూ ఉండొచ్చు. పైగా ఆరుబయట ట్యాంకు మీద నుంచి గంటకు వంద కిలోలు పోతున్నా, సముద్రపు గాలి తీసుకుపోతుంది కాబట్టి నేల మీద ఉన్న డిటెక్టరుకు ఏమీ అందదు.

ఉపగ్రహం మన డెల్టాలో అంతగా ఆదుకోదు. నీరు నిలిచిన మడి, చెరువు, కాలువ పరారుణంలో నల్లగా ఉంటాయి, వెనక్కి కాంతి పంపవు. వానాకాలం నెలల తరబడి మబ్బు. అన్నిటికీ మించి, మీథేన్ మబ్బు దొరికినా అది ఎవరిదన్న ప్రశ్న. నాట్లు వేసిన పొలం మీథేన్ వదులుతుంది, మురుగు కాలువ వదులుతుంది, మడ అడవి వదులుతుంది. బావి ఫెన్సింగ్ పక్కనే వరి ఉంటే గాలిలోని మీథేన్ ఎక్కువగా ఉందని చూపడం దేన్నీ రుజువు చేయదు.

దీనికి దారి ఈథేన్ అనే ఇంకో వాయువు. బురదలో బ్యాక్టీరియా తయారుచేసే మీథేన్‌లో ఈథేన్ దాదాపు ఉండదు. భూగర్భం నుంచి వచ్చే గ్యాసులో కొన్ని శాతం ఉంటుంది, బావిని బట్టి పాళ్లు మారతాయి. ఆ పాళ్లు స్టేషన్‌లో, గ్యాసులో ఏది ఎంతుందో విడదీసి చూపే క్రొమటోగ్రాఫ్ రిపోర్టులో ఉంటాయి. రెండు వాయువులనూ ఒకేసారి సెకను సెకనుకూ చదివే లేజరు యంత్రాన్ని జీపులో పెట్టుకుని, స్టేషన్‌కు గాలి దిగువన ఉన్న కాలువ గట్టు మీద పదిపదిహేనుసార్లు అటూ ఇటూ నడపాలి. కప్పు మీద గాలి మీటరు ఉండాలి, గాలి నిలకడగా వీచే వేళ చూసుకోవాలి. మీథేన్‌తో పాటు ఈథేన్ కూడా స్టేషన్ రిపోర్టు పాళ్లలోనే లేస్తే ఆ వాసన బావిది. మీథేన్ ఒక్కటే లేస్తే పొలానిది. కంచె లోపల అడుగుపెట్టకుండా, ఎవరి పుస్తకాలూ తిరగేయకుండా ఆ మాత్రం చెప్పవచ్చు. ఎన్ని కిలోలో చెప్పాలంటే మాత్రం లోపలికి వెళ్లి, లీకు పక్కనే గంటకు తెలిసినన్ని గ్రాముల అసిటిలీన్ వాయువు వదిలి, గాలి దిగువన రెండు మబ్బులనూ పోల్చి చూడాలి. దానికి కంపెనీ గేటు తెరవాలి.